కెమెరా బిల్లు ఎవరి పేరున?

(భీమ్‌గల్‌లో మహిళా సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బీడీలు చుట్టుకుంటూనో, మిషన్ కుట్టుకుంటూనో, వీలైన రోజుల్లో ఫోటోలు తీసి నాలుగు పైసలు సంపాదించాలనుకునేవాళ్లు మీలో ఉన్నారు. "ఏ కెమెరా కొనాలి?" అని అడుగుతున్నారు. ఏ పనికి కొంటున్నాం, ఎవరి చేతిలో ఉంటుంది, బిల్లు ఎవరి పేరున ఉంటుంది అన్నవి కూడా అందులో భాగమే. బీడీల పనిలో శ్రమ మనది, ఆకు, తంబాకు కార్ఖానావి. ఈ పనిలో పనిముట్టు మనదయ్యే అవకాశం ఉంది. దాన్ని పోగొట్టుకోకూడదు.

ముందు పని సంగతి. తొట్టెల, ఓణీల ఫంక్షన్, శ్రీమంతం, బతుకమ్మ - ఇవన్నీ ఆడవాళ్లు చేరే సందర్భాలు. అలంకరణ జరిగే లోపలి గదిలోకి ఫోటోగ్రాఫర్‌గా స్త్రీ వస్తే ఆ ఇంటివాళ్లకూ నిశ్చింత. ఆ గదులు ఇరుకు, వెలుతురు తక్కువ. సామాను ఎంపిక అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

కెమెరాకు ఉన్న పైసలన్నీ పెట్టకండి. వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ మొదట సరిపోతుంది. ఎన్ని క్లిక్కులు తిరిగిందో అడగండి. లెన్సులోకి టార్చి వేసి బూజు ఉందేమో చూడండి. దానితో వచ్చే 18-55 లెన్సు ఇరుకు గదిలో గుంపు ఫోటోలకు పనికొస్తుంది. రెండోది 50 మి.మీ., 1.8 లెన్సు కొనండి. 5.6 దగ్గర వచ్చే వెలుతురు కన్నా 1.8 దగ్గర తొమ్మిది రెట్లకు పైగా వస్తుంది. ఫ్లాష్ తల తిరిగేది కావాలి. పెంకుటింట్లో పైకప్పు నల్లగా ఉంటుంది కనుక తెల్లటి దుప్పటి కట్టి దాని మీదికి కొడితే ముఖం మీద వెలుగు మెత్తగా పడుతుంది. బ్యాటరీలు రెండు, కార్డులు రెండు తప్పనిసరి. డ్రోన్ వంటివి ఎవరైనా అడిగితే కిరాయికి తెచ్చి, ఆ కిరాయి మన ధరలో కలపాలి.

కొనేముందు సంచి భుజాన వేసుకుని పది నిమిషాలు నడిచి చూడండి. బస్సులో మోయాల్సింది మనమే.

లెక్క కూడా ముందే వేయాలి. నలభై వేల సామాను మూడేళ్లు పనిచేస్తుందనుకుంటే నెలకు 1,100 రూపాయలకు పైగా అరుగుదల. దాని మీద చార్జీలు, ప్రింట్లు, రాత్రిళ్లు కూర్చుని ఫోటోలు సరిచేసే మన శ్రమ. ఇంట్లో చేసే పనికి కూలి లేదనే అలవాటును ఈ పనిలోకి తీసుకురావద్దు.

ఆడపిల్లల ఫోటోలున్న కార్డును ఎవరి దుకాణంలో పడితే వాళ్ల దగ్గర వదిలిరావద్దు. అందుకే కార్డ్ రీడర్, పాతదైనా సొంత కంప్యూటర్ కూడా సామానులో లెక్కపెట్టాలి.

ఇక బిల్లు. 2015లో మొదలైన ముద్ర పథకంలో 'శిశు' కింద యాభై వేల వరకు తాకట్టు లేకుండా అప్పు తీసుకోవచ్చు. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. అప్పు మన పేరున తీసుకుని బిల్లు ఇంకొకరి పేరున రాయిస్తే, కట్టే భారం మనకు, హక్కు వాళ్లకు. హిందూ వారసత్వ చట్టం 1956, 14వ సెక్షన్ ప్రకారం హిందూ స్త్రీ తన నైపుణ్యంతో, శ్రమతో సంపాదించినదానికీ, కొన్నదానికీ తానే పూర్తి యజమాని. గొడవ వచ్చిన రోజున ఆ మాటకు సాక్ష్యం బిల్లే. కెమెరా నంబరు దాని మీద రాయించండి.

యంత్రాలు ఆడవాళ్లకు తెలియవనే వాళ్లుంటారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో బడికి పోని దళిత స్త్రీలు వీడియో కెమెరా పట్టి సినిమాలు తీశారు. ఎదుటి మనిషి కంటి ఎత్తులో కెమెరా పెట్టి తీసేదానికి 'సంఘం షాట్' అని పేరు పెట్టుకున్నారు, సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు కనుక. మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమై వ్యారవాలా (1913-2012) ఫోటోలు మొదట్లో భర్త పేరుతో అచ్చయ్యాయి. తీసింది ఆమె, పేరు ఆయనది. కెమెరా మన చేతిలో ఉన్నా పేరు కోసం విడిగా పట్టుబట్టాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇద్దరు ముగ్గురు కలిస్తే ప్రింటర్, స్టాండు ఉమ్మడిగా కొనుక్కోవచ్చు. కెమెరా మాత్రం ఎవరిది వాళ్లకుండాలి. నిజామాబాద్ బేరానికి ఒంటరిగా పోవద్దు, కలిసి పోండి. తెచ్చిన బిల్లు నకలు ఒకటి సంఘం ఫైలులో పెట్టండి.