చక్రముల కుర్చీకి తగిన మోటారు
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయము అందరిదియని చెప్పుట సులభము. కాళ్లు స్వాధీనమునందు లేనివానికి ఆ మాట ఎంత నిజమో వాకిటి మెట్లకడనే తేలిపోవును. మెట్ల ప్రక్కన వాలుదారి కట్టినను, కుర్చీని ఎక్కించువారు వెంట ఉండవలసియున్నచో, అతడు తనకు ఇష్టమైన వేళ రాలేడు. తోడు వచ్చువారికి తీరిక చిక్కిన వేళనే రాగలడు. ఈ పరాధీనతను తొలగించునది విద్యుత్తుతో నడచు చక్రముల కుర్చీ.

రెండవ ప్రపంచయుద్ధమున గాయపడి, కాలుసేతులు చచ్చుబడిన సైనికులకొరకు కెనడా జాతీయ పరిశోధనామండలియందు జార్జి క్లైన్ అను ఇంజనీరు ఇట్టి కుర్చీని రూపొందించెను. చేతులతో చక్రములను త్రిప్పుకొనలేనివారును తమంత తాము కదలవలెననుటయే ఆ కృషికి మూలము. మన దేశమున 1972లో కాన్పూరునందు స్థాపింపబడిన అలింకో సంస్థ వికలాంగులకు ఉపకరణములను తయారుచేయుచున్నది.

ఇట్టి కుర్చీ కొనదలచినవారును, ఉన్న కుర్చీకి మోటారు అమర్చదలచినవారును సాధారణముగా మొదట అడుగునది "ఎంత వేగముగా పోవును?" అని. అంతకన్న ముందు అడుగవలసినవి రెండు ప్రశ్నలు కలవు. నిండు బరువుతో వాలు నడుమ ఆగిన కుర్చీ తిరిగి పైకి కదలగలదా? కదలనప్పుడు వెనుకకు జారక నిలువగలదా? మోటారు యోగ్యత ఈ రెంటను బట్టి నిర్ణయింపవలెను.

ఇందుకు లెక్క కష్టమైనది కాదు. మనిషి, కుర్చీ, బ్యాటరీలు కలిసి 120 కిలోలు అనుకొనవచ్చును. పన్నెండు అడుగుల నిడివికి ఒక అడుగు లేచు వాలుమీద ఆ బరువులో పన్నెండవ వంతు, అనగా 10 కిలోలు, కుర్చీని వెనుకకు లాగును. గట్టినేలపై చక్రముల దొర్లుడుకు కలుగు అడ్డంకి క్రింద మరి 2 కిలోలు చేర్చవలెను. ఈ 12 కిలోల లాగుడును ఎదిరించి గంటకు 5 కిలోమీటర్ల చొప్పున ఎక్కుటకు చక్రములకడ సుమారు 165 వాట్ల శక్తి కావలెను. అదే వేగమున సమతలముపై పోవుటకు 30 వాట్లైనను అక్కరలేదు. కావుననే దుకాణపు నున్నని నేలపై చక్కగా తిరిగిన కుర్చీ ఇంటివద్ద వాలు ఎక్కలేక మొరాయించుట సంభవించును.

మోటారులోను గేర్లలోను కొంత శక్తి వేడిగా మారి పోవును. నూటికి 60 పాళ్లు మాత్రమే చక్రమునకు చేరుననుకొన్నచో, బ్యాటరీనుండి 275 వాట్లు తీసికొనవలెను. 24 వోల్టుల బ్యాటరీకి అది 11 ఆంపియర్లకు పైమాట. గడప దాటునప్పుడును, ఇసుకలో దిగబడినప్పుడును ఇంతకు రెండు మూడు రెట్లు బలము కావలసివచ్చును. కనుక రెండు చక్రములకు రెండు మోటార్లు, ఒక్కొక్కటి 200 వాట్లకు తగ్గనిది, ఎన్నుకొనుట మేలు. ఆ అంకె మోటారు ఎడతెగక భరింపగల శక్తిని తెలుపునదై యుండవలెను; క్షణకాలము చూపు అత్యధిక శక్తిని చూచి మోసపోరాదు. రెండు చక్రములను వేరువేరు వేగములతో త్రిప్పుటవలననే కుర్చీ ప్రక్కలకు తిరుగును.

ఇక గేరు విషయము. 16 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల చక్రము ఒకమారు తిరిగిన సుమారు ఒక మీటరు సాగును. గంటకు 5 కిలోమీటర్లు పోవుటకు అది నిమిషమునకు 83 మార్లు తిరిగిన చాలును. మోటారు నిమిషమునకు 2,700 మార్లు తిరుగునదైనచో, వేగమును 32వ వంతునకు తగ్గించు గేరు కావలెను. వేగము తగ్గినకొలది త్రిప్పు బలము పెరుగును. బ్రష్‌లు గల మోటారు చవుక, నడిపించుట సులభము, కాని బ్రష్‌లు అరుగును. బ్రష్‌లు లేనిది ఎక్కువకాలము మన్నును. దానికి తగిన ఎలక్ట్రానిక్ నియంత్రణ పరికరము తప్పనిసరి.

కారు అద్దమును తుడుచు మోటారు చవుకగా దొరకునని కొందరు దానిని అమర్చజూతురు. తడి అద్దముపై రబ్బరుపట్టీని ఆడించుటకు చేసిన ఇరుసు మనిషి బరువును మోయుటకు చేసినది కాదు. దానికి బ్రేకును ఉండదు.

బ్రేకు విషయమున పొదుపు ప్రాణాంతకము. కరెంటు ఉన్నంతవరకు విడివడి, కరెంటు పోయిన తక్షణమే స్ప్రింగు బలముచే బిగుసుకొను బ్రేకు ప్రతి మోటారునకు ఉండవలెను. వాలు నడుమ తీగ తెగినను, బ్యాటరీ అయిపోయినను కుర్చీ నిలిచిపోవును గాని దొర్లిపోదు. అట్టి సమయమున ఇతరులు త్రోసికొనిపోవుటకు మోటారును విడదీయు మీట కూడ కావలెను.

ఇన్నియు అమరిన పిదప మనిషిని కూర్చుండబెట్టక ముందు, అంతే బరువుగల ఇసుక బస్తాలను కుర్చీపై కదలకుండ కట్టి, అతడు నిత్యము ఎక్కవలసిన వాలుమీదనే పరీక్షింపవలెను. సగము దూరమున ఆపి, కరెంటు తీసివేసి, జారుట లేదని చూచి, తిరిగి కదలింపవలెను. పదిమార్లు ఎక్కించి దించిన తరువాత మోటారు విపరీతముగా వేడెక్కినచో అది చాలినది కాదు. ఈ పరీక్షకు నిలిచిన కుర్చీలో కూర్చున్నవాడు ఒకరిని పిలువనక్కరలేక, ఒకరికొరకు వేచియుండనక్కరలేక, తన పనికి తాను బయలుదేరగలడు.