వేలిముద్ర మనది, పెత్తనం ఎవరిది?

(రామతీర్థం సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



అదిగో గురుభక్తులకొండ. దానిమీద బౌద్ధ ఆరామాల శిథిలాలున్నాయి. తీర్మానం పెట్టడానికీ, ఓట్లు లెక్కించడానికీ బౌద్ధ భిక్షు సంఘాలకి నియమాలుండేవని అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో గుర్తుచేశారు. అంటే నలుగురూ కూర్చుని తేల్చుకోవడం ఈ నేలకి కొత్త కాదు.

మరి మన గ్రామసభల్లో జరుగుతున్నదేటి? నేనెరిగిన ఒక ఊళ్లో సభ పెద్దవీధిలోనే అయిపోయింది. సాయంత్రం తీర్మానాల పుస్తకం పేటలోకొచ్చింది, వేలిముద్రల కోసం! ఒక ముసలమ్మ అడిగింది: "ఏలిముద్ర మాదీ, పెత్తనం ఆళ్లదీనా బాబూ?" నా డిగ్రీ దానికి జవాబు చెప్పలేకపోయింది.

73వ సవరణ 1993లో అమల్లోకొచ్చింది. 2013 ఉప ప్రణాళిక చట్టం జనాభాకి తగ్గ వాటా అంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. సంతోషమే. కానీ మనక్కావలసింది సభల లెక్క కాదు, సొమ్ముల లెక్క.

బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె నగరపాలక సంస్థ 1989లో పేటపేటకీ సభలు పెట్టి, ఏ పని ముందో జనాన్నే తేల్చమంది. కేరళ 1996లో ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకి పైగా స్థానిక సంస్థలకిచ్చి, గ్రామసభల్ని అడిగింది. మన పంచాయతీలకెందుకు చేతకాదు?

మూడు అడుగుదాం. సభకి వారం ముందే జమాఖర్చులు పేటలో గోడమీద రాయాలి. కూలికెళ్లే వేళ కాకుండా, ముందు పేటలో సభ పెట్టాలి. ఆడవాళ్లు చెప్పిన పని కూడా తీర్మానంలోకెక్కాలి.

చదివి వినిపించేదాకా వేలు సిరాలో పెట్టకండి.

జై భీమ్!