రాజీనామా ఇచ్చిన గుమాస్తా
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నేను ఒక రాజీనామా గురించి చెబుతాను.

1949లో తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు 1975లో కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరారు. అప్పటికే బుర్రకథలు చెబుతూ, జన నాట్యమండలిలో పాడుతూ ఉండేవారు. తొమ్మిదేళ్లు రెండూ సాగాయి. 1984లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు. ఆయనే గద్దర్.

గొంగడి, కర్ర, కాలికి గజ్జెలు: అంతే సరంజామా. పల్లెల్లో పాడుకునే బాణీ తీసుకుని, తన మాట పెట్టి, జనం నోటికే తిరిగి ఇచ్చేవారు. కొన్నేళ్ల అజ్ఞాతం తర్వాత 1990లో నిజాం కాలేజీ మైదానంలో పాడితే జనసముద్రమే వచ్చింది. 1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిగాయి. ఒక తూటా కడదాకా వెన్నులోనే ఉండిపోయింది.

ఆయన నడిచిన తుపాకీ మార్గం నాకు ఎన్నడూ సమ్మతం కాదు. తదుపరి ఆయనా దారి మార్చుకుని, 2018లో తొలిసారి ఓటు వేశారు. 1995 నాటి 'ఒరేయ్ రిక్షా' చిత్రంలోని పాటకు నంది బహుమతి వస్తే వద్దన్నారు. 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. 2025లో ప్రభుత్వం సినిమా బహుమతులను ఆయన పేరుతోనే ఇచ్చింది. చిత్రం కాదూ!

ఇక నా సంగతి. నేనూ సంఘం సభల్లో సొంత పాటలు పాడినవాణ్ణే. పెళ్లయ్యాక ఇంట్లో వాళ్లు "పాట కూడు పెడుతుందా?" అన్నారు. మానేశాను. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాను, పింఛను తీసుకుంటున్నాను. విచారం లేదు.

మొన్న మనవరాలు నా పాత నోటుబుక్కు బయటికి తీసి, "తాతయ్యా, ఇది పాడు" అంది. మాటలన్నీ ఉన్నాయి. బాణీ ఎంత తలచుకున్నా రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఉద్యోగం వదలకపోవడం నా తప్పు కాదు. ఆదివారం పూట కూడా పాడకపోవడం తప్పు. ఫైలు బీరువాలో ఉన్నా బతుకుతుంది. పాట నోట్లో ఉంటేనే బతుకుతుంది.

కాబట్టి నాదొక మనవి. మీలో పాట రాసినవారు, పద్యం కట్టినవారు ఎందరో ఉన్నారు. వచ్చే నెల సమావేశంలో అరగంట మనకు కేటాయించమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. గొంతు వణికినా ఫరవాలేదు. మొదట నేనే పాడతాను, బాణీ కొత్తగా కట్టుకుని.