కంటికి కానరాని కప్పు

పగలు వినరాని దూరపు మీడియంవేవ్ కేంద్రములు రాత్రివేళ వినవచ్చుట శ్రోతలెరిగినదే. భూమికి 60 నుండి 90 కిలోమీటర్ల ఎత్తున సూర్యరశ్మిచే ఏర్పడు డి-పొర పగటివేళ ఆ తరంగములను మ్రింగివేయును.

అయితే 3 నుండి 30 కిలోహెర్ట్‌జుల అతి తక్కువ పౌనఃపున్య తరంగములకు ఆ పొరయే పైకప్పు. నేలకును దానికిని నడుమ అవి వేల కిలోమీటర్లు సాగిపోవును. పగలు సుమారు 70 కిలోమీటర్ల ఎత్తున నుండు ఈ కప్పు రాత్రి సుమారు 85కు లేచును. సూర్యునిపై జ్వాల ఎగసినచో, ఎక్స్-కిరణములు ఎనిమిది నిమిషములలో వచ్చి దానిని క్రిందికి దింపును; సంకేతపు బలము మారిపోవును.

ఉప్పునీటిలో కొన్ని మీటర్ల లోతునకు దిగి జలాంతర్గాములకు ఆజ్ఞలనందించునవి ఈ తరంగములే. ఇట్టి కేంద్రమునకే 2024 అక్టోబరులో వికారాబాదు జిల్లా దామగుండమున శంకుస్థాపన జరిగినది. సముద్రగర్భముననున్న మన నావికునకు చేరవలసిన మాట ఈ కప్పును నమ్ముకొనియున్నదని మేము మనవి చేయుచున్నాము.