సముద్రపుటావు

శేరిలింగంపల్లి పరిసరముల చెరువు గట్లపై పశువులు మేయుచుండగా చూచిన పెద్దలు మన శ్రోతలలో పలువు రుందురు. గట్టున గాక నీటి అడుగుననే మేయు జంతువొకటి కలదు. దాని పేరు డుగాంగు. తమిళ జాలరులు దీనిని ‘కడల్ పసు’, అనగా సముద్రపుటావు, అందురు. దీనిని చూడవలెనన్న మన పీఠభూమిని విడిచి, తమిళనాటికిని శ్రీలంకకును నడుమనున్న పాక్ అఖాతమునకు పోవలెను.

ఇది చేప కాదు. మనవలె గాలి పీల్చి, పిల్లలను కని పాలిచ్చు ప్రాణి. నేలమీద దీనికి దగ్గఱి చుట్టము ఆవు గాదు, ఏనుగు! పెరిగిన డుగాంగు సుమారు 3 మీటర్ల పొడవుండి, 400 కిలోల వరకు తూగును. దీని తోక తిమింగలపు తోకవలె రెండుగా చీలియుండును. మూతి క్రిందికి వంగియుండుటచే, అడుగున పెరుగు సముద్రపు గడ్డిని వేళ్లతో సహా పెల్లగించి తినును. అది మేసిన దారి నాగటి చాలువలె కనబడును. కొన్ని నిమిషముల కొకసారి పైకి వచ్చి, ముక్కుపుటములు మాత్రము నీటిపై కెత్తి, గాలి పీల్చి మఱల మునుగును.

వలలో చిక్కినచో పైకి రాలేక, ఊపిరాడక చచ్చును. పూర్వము మాంసమునకై దీనిని వేటాడిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆ వేటను నిషేధించెను. అయినను వీని సంఖ్య త్వరగా పెరుగదు. తల్లి 13, 14 మాసములు మోసి, సాధారణముగా ఒక్క పిల్లనే కనును. మరల ఈనుటకు 3 మొదలు 7 ఏండ్లు పట్టును. ఇది 70 ఏండ్ల వరకు జీవింపగల ప్రాణి. కావున ఒక్క తల్లి చచ్చినను తీరని లోటే.

బేరింగు సముద్రపు దీవుల చెంత దీని జ్ఞాతి యొకటి యుండెడిది. 1741లో స్టెల్లర్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు దానిని చూచి వర్ణించెను. 1768 నాటికి వేటగాండ్రు దానిని రూపుమాపిరి. 27 ఏండ్లే చాలెను!

మన దేశమున అట్లు కాకుండుటకై, 2022లో తమిళనాడు ప్రభుత్వము తంజావూరు, పుదుక్కోట్టై తీరముల చెంత 448 చదరపు కిలోమీటర్ల సముద్రమును డుగాంగుల సంరక్షణ క్షేత్రముగా ప్రకటించెను. కాని సముద్రమునకు కంచె వేయుట ఎవరి తరము? వలలో చిక్కిన డుగాంగును, వల కోసి విడిచిపెట్టిన జాలరులు అక్కడ కలరు. అట్టివారికి అటవీ శాఖ పారితోషికములిచ్చి సత్కరించినది. వల కోసినచో ఆనాటి వేటయు, వల ఖరీదును రెండును పోవును. ఆ నష్టమును బీద జాలరి యొక్కడే మోయుట న్యాయము గాదు. సముద్రమునకు దూరముననున్న మనమును అందులో పాలు పంచుకొనవలెను.