ముఖపరిచయాల విలువ

పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, మీలో కొందరు ఉద్యోగాల్లో చేరబోతున్నారు, కొందరు పైచదువులకు వెళ్తున్నారు, ఇంకొందరు మొదటి ఇంటర్న్‌షిప్ కోసమే ఇంకా వెతుకుతున్నారు. ఆ వెతుకులాటలో తరచూ వినబడే మాట ‘మాకు తెలిసినవాళ్ళెవరూ లేరు సార్’ అన్నది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్ళు ఆ మాటంటే కాదనలేం. కానీ అందులో సగమే నిజమని నా వాదన. ఇంటర్న్‌షిప్ దాకా చేర్చేది చాలాసార్లు దగ్గరివాళ్ళ అండ కాదు, అంతంతమాత్రం ఎరిగినవాళ్ళు చెప్పే కబురు. ఆ పాటి పరిచయం తాతముత్తాతల నుంచి రానక్కర్లేదు, ఎవరికివారు సంపాదించుకోవచ్చు.

దీనికి ఆధారం పాతదే. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో, ఉద్యోగం మారినవాళ్ళను అడిగి తెలుసుకున్న సంగతులను 1973లో ఒక వ్యాసంలో రాశాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో, ఆ పరిచయస్తుణ్ణి తరచూ కలుస్తూ ఉండేవాళ్ళు ఆరుగురిలో ఒక్కరే. మిగతావాళ్ళు ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ళు, లేదా దాదాపు కలవనివాళ్ళు. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. మీ రూమ్మేట్‌కు తెలిసిన కబురు మీకూ తెలిసే ఉంటుంది; మీకు తెలియనిది వేరేచోట మసలే మనిషి దగ్గరే ఉంటుంది. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం లింక్డిన్‌లో ఐదేళ్ళపాటు 2 కోట్ల మందిపై జరిగిన ప్రయోగాలను పరిశీలించి, ఈ మాటను కొంత సవరించింది. బొత్తిగా ఎరగనివాళ్ళకన్నా, మరీ దగ్గరివాళ్ళకన్నా మధ్యస్థంగా తెలిసినవాళ్ళ వల్లే ఎక్కువ మేలు జరిగిందట. అదీ డిజిటల్ రంగాల్లో. డిజిటల్ వాడకం తక్కువున్న రంగాల్లో దగ్గరి బంధాలకే బలం ఎక్కువ. కాబట్టి సాఫ్ట్‌వేర్ విద్యార్థికి చెప్పే సలహానే సివిల్ సైట్‌కో, మందుల ఫ్యాక్టరీకో వెళ్ళాలనుకునేవారికీ చెప్పకూడదు. వాళ్ళు తమ ప్రొఫెసర్‌నీ, ల్యాబ్ సీనియర్లనీ వదలకుండా అంటిపెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఈ పరిచయాలు ఎక్కడ దొరుకుతాయి? మీకన్నా రెండు మూడేళ్ళ ముందు బయటికి వెళ్ళిన సీనియర్లు, ప్రాజెక్ట్ వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్, గెస్ట్ లెక్చర్ ఇచ్చి వెళ్ళిన ఇంజనీర్... వీళ్ళందరూ ఇప్పటికే మీ ముఖం చూసినవాళ్ళు. కోడ్ రాసేవాళ్ళకు ఓపెన్ సోర్స్ ఉంది. 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో మీ ఊరూ పేరూ తెలియని మెంటర్ మీ పనిని చూస్తారు. ఆ పనే మిమ్మల్ని పరిచయం చేస్తుంది. ‘ఏదైనా ఇంటర్న్‌షిప్ ఉంటే చెప్పండి’ అని రెజ్యూమె జతచేసి పంపే మెసేజ్‌కు జవాబు ఎందుకు రాదంటే, మీకోసం ఏం చేయవచ్చో ఆలోచించే భారమంతా అవతలి మనిషి మీద పడుతుంది. ఆయన చేస్తున్న పని గురించి చదివి, వీలైతే కాస్త చేసి చూసి, ఐదు నిమిషాల్లో జవాబివ్వగల ఒక్క ప్రశ్న అడగండి. ఆ సలహాతో ఏం చేశారో నెల తర్వాత మళ్ళీ రాయండి. చాలామంది రాయరు. ఇంగ్లిష్ రాదని జంకేవాళ్ళకు ఒక మాట: తెలుగు సీనియర్‌కు తెలుగులో రాయడం తప్పేమీ కాదు.

ఇదంతా పైరవీయే కదా అని మీలో నిజాయితీపరులు అడుగుతారు. పైరవీ మీ పనిని ఎవరూ చూడకుండా దారి ఇస్తుంది, పరిచయం మీ పనిని చూసేవాళ్ళ దాకా తీసుకెళ్తుంది. రెండింటి మధ్య గీత సన్ననిదే, కానీ ఉంది. అప్లై చేసి ఊరుకుంటే ప్రతిభను బట్టి పిలుస్తారు కదా అనేవాళ్ళు పరిశోధకులు సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం చూడాలి. ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమానమైన అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో పంపితే, దళిత, ముస్లిం పేర్లున్నవాటికి పిలుపులు తక్కువగా వచ్చాయి. కాగితం ఒక్కటే న్యాయం చేస్తుందన్న నమ్మకానికి ఆధారం బలహీనం.

అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది. పరిచయాలూ కులం, ఊరు, కాలేజీ పేరు వెంటే నడుస్తాయి. ఉన్నవాడికే ఇంకా చేరతాయి. దీన్ని నేను ఖండించలేను. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మంచి ఉద్దేశమే. కానీ చిన్న పట్టణపు కాలేజీలో చదివే అమ్మాయికి తలుపు తెరిచేవాళ్ళు లేకపోతే, ఆ నిబంధన ఆమెను డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్ళ దగ్గరికే నెడుతుంది. ఈ లోటు పూడ్చగలిగింది మొదట మీరే. ఈ రోజు నుంచి మీ జూనియర్లకు ఆ అంతంతమాత్రం తెలిసిన మనిషి మీరు. మీ ఆఫీసులో ఇంటర్న్‌లను తీసుకుంటున్నారని తెలిసినప్పుడు, ఆ కబురు మీ వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు డిపార్ట్‌మెంట్ ప్లేస్‌మెంట్ సెల్‌కు పంపండి, మీ ఊరి డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్‌కూ పంపండి. ముక్కూ మొహం తెలియని జూనియర్ ప్రశ్న అడిగితే, ఇంటిపేరు చూడకుండా, రెండు వాక్యాలైనా సరే, జవాబు రాయండి.