ఉద్యోగం ఊడటానికి ఎన్ని మాటలో!

(సామర్లకోటలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగులో మనం "ఉద్యోగం ఊడింది" అని ఒక్క మాటతో సరిపెడతాం. గుమాస్తాగా నా చేతుల మీదుగా నడిచిన ఫైళ్లలో ఇంగ్లీషు దానికి చాలా పేర్లు పెట్టిందండి. ఏ పేరు రాశారన్న దాన్నిబట్టే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది.

సస్పెన్షన్‌తో ఉద్యోగం పోదు. విచారణ తేలేదాకా పక్కన కూర్చోబెడతారు. రిమూవల్ అంటే తొలగింపే గాని, మళ్లీ సర్కారు కొలువుకు దారి మూసుకుపోదు. డిస్మిసల్ అయితే సాధారణంగా ఆ దారీ మూసుకుపోతుంది. రెండింటిలోనూ వెనుకటి సర్వీసు పోతుంది. రాజీనామా గౌరవంగా కనిపిస్తుంది, కాని 1980 పెన్షన్ రూల్స్ ప్రకారం దానితో కూడా మామూలుగా పాత సర్వీసు పోతుంది. 20 ఏళ్లు నిండినవారు అదే కాగితం మీద వాలంటరీ రిటైర్మెంటు అని రాస్తే పెన్షను దక్కుతుంది.

1983 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కు తగ్గించింది. ఆర్డరులో ఉన్న మాట సూపరాన్యుయేషన్, అంటే వయసు నిండటం. పెళ్లి కావలసిన ఆడపిల్లలున్న ఇళ్లలో మాత్రం "ఊడింది" అనే అన్నారు. 1984లో మళ్లీ 58 చేశారు. మధ్యలో ఇంటికి వెళ్లినవారిలో 58 నిండనివారిని తిరిగి తీసుకోవాలని 1985లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1984 జనవరిలో కరణాలకు, మునసబులకు వచ్చిన మాట అబాలిషన్. అక్కడ మనిషిని తీయలేదు, పోస్టునే తీసేశారు.

ఇప్పుడు మన మనవలకు లేఆఫ్ వచ్చింది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఆ మాటకు వేరే అర్థం ఉండేది. పని చూపలేక కొన్నాళ్లు కూర్చోబెట్టి, సగం జీతం ఇవ్వడం. శాశ్వతంగా తీసేస్తే దాని పేరు రిట్రెంచ్‌మెంట్. ఆ చట్టం కిందికి వచ్చిన కార్మికునికి, పనిచేసిన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాల్సి ఉండేది. అదే మనిషి తనంతట తాను రాజీనామా ఇస్తే అది రిట్రెంచ్‌మెంట్ కాదు, ఆ పరిహారమూ లేదు.

కనుక హైదరాబాదు నుంచో, బెంగుళూరు నుంచో పిల్లలు ఫోను చేసి దిగులుపడితే, "ఏం తప్పు చేశావు?" అనకండి. లేఆఫ్, రిట్రెంచ్‌మెంట్ అనే మాటల్లో తప్పు అనే అర్థమే లేదు. "కాగితంలో ఏ మాట రాశారు నాన్నా? చదివి చెప్పు, అప్పటిదాకా సంతకం పెట్టకు" అనండి. ఆ మాట చెప్పగల అనుభవం మనకుంది.